‘వీడికి పూచీ ఎవరు?’: కంచరపాలెంలో నా నవల చదివించుకున్నాను

ముందు లెక్క చెప్తాను. మారువేషం కథలు చదివి తప్పులు చెప్పే రిటైర్డ్ పోలీసు ఒకాయన తీసుకునేది పేజీకి 15 రూపాయలు. నా నవల 212 పేజీలు, అంటే 3,180. ఆయన ఫోన్‌లో చదవరు, ఇంట్లో కంప్యూటర్ లేదు. లైనుకీ లైనుకీ మధ్య బాగా ఎడం వదిలి, ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వాలి. దానికి నాకు ఇంకో 500 దాకా అయింది. మూడు వారాలన్నారు, ఐదు వారాలు పట్టింది. రసీదు ఇవ్వరు. అయినా సరే, పోలీసు మారువేషంలో తిరిగే కథ, మన పేపర్ల భాషలో చెప్పాలంటే ‘కోవర్టు’ కథ రాస్తున్నవాళ్లు విశాఖలో ఎవరున్నా ఒక్కసారి ఆయన దగ్గరికి వెళ్లమని చెప్తాను.

పేరు రాయొద్దన్నారు. ఫోటో అసలే వద్దన్నారు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, సర్వీసులో చాలా ఏళ్లు మఫ్టీలోనే గడిపారు. ఊర్వశి జంక్షన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మేడ మీద ఒక గది, అందులో చెక్క బల్ల, రెండు కుర్చీలు, చెక్కిన పెన్సిళ్లు ఓ గ్లాసునిండా. బోర్డు లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చే రచయితల్లో ఇద్దరు ముగ్గురికి ఆయన తెలుసు, నాకూ అలాగే తెలిసింది. తాను చేసిన కేసుల గురించి ఒక్క ముక్క చెప్పరు. నేను రెండుసార్లు అడిగి చూశాను. ‘నీ కథలో మనిషి గురించి మాట్లాడుకుందామమ్మా’ అని పేజీ తిప్పేశారు.

నేను సీతమ్మధారలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తాను. పన్నెండేళ్లుగా కథలు రాస్తున్నాను, నవల మాత్రం ఇదే మొదటిది. 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్లు ఏడుగురు నేవీ ఉద్యోగుల్ని, ఒక హవాలా మనిషిని అరెస్టు చేశారు కదా, ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేర్లతో వల వేసి వాళ్ల దగ్గర ఓడల సమాచారం లాగారని పేపర్లలో వచ్చింది. అప్పుడు నా బుర్రలో పడిన విత్తనం ఇది. నా కథలో ఫిషింగ్ హార్బర్‌లో ఎవరో ఓడల రాకపోకలు లెక్కపెట్టి అమ్ముతుంటారు. అది కనిపెట్టడానికి రవి అనే కానిస్టేబుల్ ‘దావీదు’ అన్న పేరుతో ఒక బోటు మీద కళాసీగా చేరతాడు.

ఆయన దగ్గరికి వెళ్లకముందు, ఇంకో ఊళ్లో ఉన్న ఒక ఆన్‌లైన్ సంస్థకి 6,000 కట్టి ఇదే నవల పంపాను. నాలుగు పేజీల రిపోర్టు వచ్చింది. టెన్షన్ పెంచండి, విలన్‌కి లోతు కావాలి, ముగింపు బలంగా ఉండాలి. ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర అన్నది ఎక్కడా లేదు. ఆ రిపోర్టులో ‘రవి’ బదులు ఎవరి పేరు పెట్టినా, ఎవరి నవలకైనా సరిపోతుంది. ఆ నిరాశలో ఉండగా కంచరపాలెం మెట్లెక్కాను. అందుకని అక్కడ నాకు దొరికింది ఇంకా విలువైనదిగా కనిపించి ఉండొచ్చు, అదీ లెక్కలో వేసుకుని చదవండి.

ఆయన పద్ధతి ఇది. మొత్తం చదివాక మనల్ని పిలుస్తారు. బల్లకి ఆ పక్కన ఆయన, ఈ పక్కన మనం. మార్జిన్లలో పెన్సిల్ గీతలు, చిన్న చిన్న అంకెలు. మొదటి అధ్యాయంలో 1 నుంచి 14 దాకా అంకెలు వేసి ఉన్నాయి. ఏమిటివి బాబాయ్ గారూ అంటే, ‘మీ వాడు హార్బర్‌కొచ్చిన మొదటిరోజు అడిగిన ప్రశ్నలు’ అన్నారు. ఈ బోటు ఎవరిది, ఆ షెడ్డులో ఏముంది, రాత్రుళ్లు ఇక్కడ ఎవరుంటారు, ఇలా పద్నాలుగు. ‘కొత్తగా పనికొచ్చినవాడు అడిగేది రెండే అమ్మా. కూలి ఎంత, తిండి ఎక్కడ. ఎక్కువ అడిగినవాడిని మూడోరోజుకి అందరూ దూరం పెడతారు. ఊరుకుని వలలు సర్దుతుంటే వాళ్లే చెప్తారు.’

పాఠకుడికి విషయం చెప్పడానికి నేను రవి చేత ప్రశ్నలు అడిగించాను. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. నా అవసరం కోసం అతని ప్రాణం మీదికి తెచ్చానన్నమాట. ఆ అధ్యాయం తిరగరాసేటప్పుడు పద్నాలుగూ తీసేశాను. అతను వినే మాటలు, సగం విని వదిలేసిన మాటలు మాత్రం ఉంచాను. మూడో రోజు చదువుకుంటే అధ్యాయం ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది.

తర్వాత పేరు. దావీదు ఎందుకు, రవి అనే ఉంచు, ఇంటిపేరు మార్చు అన్నారు. ‘వెనక నుంచి పిలిస్తే తిరగాలి. నిద్రలో పిలిస్తే పలకాలి. కొత్త పేరుకి ఒళ్లు పలకదమ్మా, బుర్ర పలుకుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉండే అర సెకను చాలు.’ నేను చదివిన ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆయనకి చెప్పాను. బ్రిటన్‌లో మార్క్ కెన్నడీ అనే పోలీసు 2003 నుంచి ఏడేళ్లు పర్యావరణ ఉద్యమకారుల మధ్య మార్క్ స్టోన్‌గా బతికాడు. అతనూ ఇంటిపేరే మార్చుకున్నాడు. 2010లో అతనితో ఉంటున్న స్త్రీకి అసలు పేరున్న పాస్‌పోర్టు దొరకడంతో గుట్టు బయటపడింది. ఆయన శ్రద్ధగా విని, ‘కాగితం ఎందుకు దగ్గర పెట్టుకున్నాడో’ అని చాలాసేపు ఆలోచించారు. ‘ఎక్కడో ఒకచోట తన అసలు పేరు తనకి కావాలనిపించి ఉంటుంది’ అని తనే జవాబు చెప్పుకున్నారు. ఆ వాక్యం నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా రవి దగ్గర ఏముండాలో అప్పటికి తేలలేదు. ఇప్పుడు అతని దగ్గర కూతురి స్కూలు టై ఒకటి ఉంది, బోటులో బియ్యం డబ్బా అడుగున.

యాస గురించి బాగా పట్టుకున్నారు. రవిది బాపట్ల వైపు. నేను వాడి చేత ‘ఏటి’, ‘బేగి’, ‘ఎల్తాను’ అనిపించాను, విశాఖ హార్బర్‌లో కలిసిపోవాలని. ఆయన ఆ మాటలన్నిటి కింద గీతలు పెట్టారు. మన యాస మనకి నోట్లో పుడుతుంది, నేర్చుకున్నవాడు ఒక మాట దగ్గర కాకపోతే ఇంకో మాట దగ్గర జారతాడు, అందులోనూ కోపమొచ్చినప్పుడు జారతాడు అన్నారు. వాడిని ‘ఏంది’ అననీ. నిజాంపట్నం హార్బర్ నుంచి పని కోసం వచ్చానని చెప్పనీ. అప్పుడు యాస దాచక్కర్లేదు, వలల పని తెలియడానికి కారణమూ ఉంటుంది.

నాకు చాలా తేలిగ్గా తోచింది. వెంటనే ఆయన, ‘అయితే ఇక్కడి సరంగు అడుగుతాడు, నిజాంపట్నంలో ఎవరి బోటు మీద చేశావు అని. అప్పుడేం చెప్తాడు?’ అన్నారు. సరంగంటే బోటు నడిపే పెద్ద. నా దగ్గర జవాబు లేదు. మొదటి ప్రశ్నకి అందరూ తయారవుతారట. రెండో ప్రశ్న దగ్గర తెలిసిపోతుందట. అందుకని రవి నిజంగానే నెల రోజులు నిజాంపట్నంలో పనిచేసి రావాలి, అక్కడ ఒక బోటు యజమానికి అతను గుర్తుండాలి, వీలైతే చిన్న గొడవ కూడా పడి ఉండాలి. ఆ నెల రోజులు ఇప్పుడు నా నవలలో మూడో అధ్యాయం. 22 పేజీలు, నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చినవి.

చిన్న తప్పులూ పట్టుకున్నారు. రవి క్రాపు. పొద్దున్నే ఐదింటికి మంచం దులిపి దుప్పటి నాలుగు మడతలు పెట్టడం. పర్సులో ఎవరికీ బాకీ కాగితం లేకపోవడం. ‘అప్పు లేని కళాసీ ఎవడమ్మా? యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకోకుండా పని మొదలుపెడితే వీడికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందని అడగరా?’ ఇంకోటి, నేను కథని జనవరి నుంచి మే నెలకి మార్చాను, ఎండ కావాలని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం, మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. నా బోటు మే నెలలో హాయిగా సముద్రంలో తిరుగుతోంది. తెలిసిన విషయమే, నెల మార్చినప్పుడు చూసుకోలేదు. విశాఖ పాఠకులు మొదటి పేజీల్లోనే పుస్తకం మూసేసేవాళ్లు.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు. నూట పదో పేజీ దగ్గర ఆయన పెన్సిల్‌తో ఒకే ఒక్క ప్రశ్న రాసి, దాని చుట్టూ గీత గీశారు: ‘వీడికి పూచీ ఎవరు?’

నా కథలో సరంగు ఒక కొత్తవాణ్ని బోటు ఎక్కించుకుంటాడు, అంతే. ఎందుకు ఎక్కించుకుంటాడు? హార్బర్‌లో ఊరూ పేరూ తెలియని మనిషిని ఎవరూ బోటు ఎక్కించరు. సముద్రం మీద వారం పదిరోజులు వాడితోనే ఉండాలి, వాడి చేతుల్లో ప్రాణం ఉంటుంది. ఎవరో ఒకరు ‘మావాడే, నేను చూసుకుంటాను’ అని చెప్పాలి. ఆ చెప్పినవాడు ఎవరు? గుట్టు బయటపడ్డాక వాడి గతేమిటి?

ఈ ప్రశ్న వినగానే నాకు జోసెఫ్ పిస్టోన్ గుర్తొచ్చాడు. అమెరికాలో ఎఫ్‌బీఐ ఏజెంటు. 1976లో డానీ బ్రాస్కో అనే నగల దొంగగా న్యూయార్క్ మాఫియాలో చేరాడు. ఆ వేషం కోసం రత్నాల గురించి చదువుకుని మరీ వెళ్లాడు. కొన్ని నెలలనుకున్న పని 1981 దాకా సాగింది. అతను బయటికి వచ్చేశాక, అతన్ని నమ్మి దగ్గరికి తీసిన సోనీ బ్లాక్ నాపొలిటానోని ఆ ముఠావాళ్లే ఆ ఏడాది ఆగస్టులో చంపేశారు. పోలీసును లోపలికి తెచ్చిన పాపానికి. ఇదంతా ఆయనకి చెప్పాను. ఎఫ్‌బీఐ గురించి ఆయన ఏమీ అనలేదు. ‘అతనికి పిల్లలెందరు?’ అని అడిగారు. పిస్టోన్‌కి ముగ్గురు ఆడపిల్లలు అన్నాను. తల ఊపి, కిటికీ అవతల ట్రాక్ మీద వెళ్తున్న గూడ్సు బండి పూర్తిగా దాటేదాకా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి రాత్రంతా విరాట పర్వం గురించే ఆలోచించాను. చిన్నప్పటి నుంచి వింటున్న కథలో ఈ పూచీ సంగతి నేనెప్పుడూ గమనించలేదు. విరటుడి కొలువులో కంకుభట్టు తాను యుధిష్ఠిరుడి స్నేహితుణ్నంటాడు. నకులుడు ధర్మరాజు గుర్రాల్ని చూసుకునేవాణ్నంటాడు. సైరంధ్రి సత్యభామ దగ్గర, ద్రౌపది దగ్గర పనిచేశానంటుంది. తమకి తామే పూచీ అన్నమాట! అబద్ధంలో ఎంత నిజం కలపాలో అంతా కలిపారు. ఆ తర్వాత వచ్చే సంగతి ఇంకా బాగుంటుంది. వలలుడు మృగాలతో పోరాడుతుంటే చూడలేక సైరంధ్రి తల్లడిల్లిపోతుంది. సుదేష్ణ అది కనిపెట్టి, ఈమెకీ ఆ వంటవాడికీ ఏదో ఉంది, ఇద్దరూ ఒకే సమయంలో వచ్చారు కూడా అని చెలికత్తెలతో అంటుంది. పలుకులో ఏ తప్పూ జరగలేదు, ముఖమే అంత పని చేసింది. నా రవి ముఖం ఎక్కడ మారుతుంది? 212 పేజీల్లో ఎక్కడా మారలేదు. వాడు ఎప్పుడూ జాగ్రత్తగానే ఉన్నాడు. అందుకే వాడి కోసం ఎవరూ భయపడరు.

ఆయన ఇచ్చే సేవలో రెండో భాగం హార్బర్‌లో ఒక పొద్దు. దానికి వేరే డబ్బు తీసుకోరు, ఆటో మనం పెట్టుకోవాలి. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాం. వేలం పాటలు మొదలయ్యాయి, నేలంతా తడి, ఐసు పెట్టెల చప్పుడు, వంజరాలు ఒక వరస, చందువాలు ఒక వరస, పక్కన కానాగంతలు గుట్టలుగా. ఆయన నాకు ఒక పని చెప్పి టీ కొట్టు దగ్గరికి వెళ్లిపోయారు. ‘గంటసేపు నువ్వు నువ్వు కాదు. ఎవరివో నువ్వే అనుకో. ఒక్కళ్లతో మాట్లాడు.’

బుట్టలు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ దగ్గర నిలబడ్డాను. అనకాపల్లి నుంచి వచ్చాను, మా అమ్మాయి ఫంక్షన్, చేపలు కావాలి అన్నాను. దారిలో కూర్చిపెట్టుకున్న మాటలే.

‘ఎంతమందికమ్మా?’

‘అరవై మందికి.’

‘ఏపుడుకా, పులుసుకా?’

పులుసుకన్నాను. గుండె కొట్టుకుంటోంది.

‘అనకాపల్లిలో ఎక్కడ? మా ఆడబిడ్డని గవరపాలెంలోనే ఇచ్చినాం.’

అదిగో, రెండో ప్రశ్న. నాకు గవరపాలెం పేరు తెలుసు గానీ అక్కడి ఒక్క వీధీ తెలియదు. వేరే వైపు అని ఏదో గొణిగాను. ఆవిడ అనుమానించలేదు, నా కంగారు చూసి ఇంకోలా అర్థం చేసుకుంది. డబ్బు ఇబ్బందేమో అనుకుంది. ‘భయపడకు, నీకు కేజీ మీద తగ్గిస్తాను. ఆ రోజు పొద్దున్నే రా, మంచివి పక్కన పెడతాను. పిల్ల పేరేటి?’ అంది. నాకు అమ్మాయి లేదు. ఒక పేరు చెప్పాను. ‘సల్లగా ఉండాలి’ అంది, తడి చెయ్యి తుడుచుకుని గాల్లోనే దీవిస్తూ.

టీ కొట్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పడం కష్టమవుతుందని భయపడుతూ వెళ్లాను. తీరా అక్కడ ఆవిడ నమ్మడమే భరించలేకపోయాను. ఆయన నా ముఖం చూసి ఏమీ అడగలేదు. టీ గ్లాసు చేతికిచ్చి, ‘ఇదే రాయి’ అన్నారు. నేను ఆ మాట మీద కోప్పడ్డాను కూడా, ఆవిడ చేపలు పక్కన పెట్టి ఎదురు చూస్తుంది కదా అని. ఆవిడ చెప్పిన రోజున మళ్లీ వెళ్లాను. ఫంక్షన్ లేదని, కథ రాయడం కోసం అలా చెప్పానని, క్షమించమని అడిగాను. కాసేపు నన్నే చూసింది. ‘అయితే పిల్ల లేదా?’ అంది. లేదన్నాను. నేను కొన్న రెండు కేజీల వంజరానికి ఒక్క రూపాయి తగ్గించలేదు. అదీ న్యాయమే. దీన్ని ఎవరైనా అభ్యాసంగా చేయదలిస్తే, దయచేసి ఎదుటివాళ్లకి నష్టం రాని అబద్ధం ఎంచుకోండి, తర్వాత వెళ్లి నిజం చెప్పండి.

ఆ పొద్దున వెనక్కి వస్తూ బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర ఆటో ఆపించారు. 1971 సంగతి నాకు తెలుసుననుకున్నాను. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల మాటా వేరు. ఆయన చెప్పింది దానికి ముందు జరిగినది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద ఓడ చేసినట్టే వైర్‌లెస్ మాటలు. ఊళ్లో వేగులుంటే చూస్తారని కాంట్రాక్టర్ల దగ్గర భారీగా మాంసం, కూరగాయలకి ఆర్డర్లు. వీటితోపాటు విక్రాంత్ మీద పనిచేసే నావికుడు ఒకతను ఇంటికి ఇచ్చినట్టుగా ఒక టెలిగ్రాం, జబ్బుతో ఉన్న తల్లికి ఎలా ఉందని అడుగుతూ.

‘ఆ టెలిగ్రాం చూడమ్మా. అంత పెద్ద ఓడని దాచడానికి అమ్మ జబ్బు కావాల్సొచ్చింది’ అన్నారు. సముద్రం వైపు తిరిగి ఉన్నారు, గొంతు కొంచెం మారింది. ఆ ఒక్క మాటతో నా నవలలో రవికి వచ్చే ఫోన్లన్నీ మార్చాను. ఇంతకుముందు అధికారుల ఫోన్లే వచ్చేవి. ఇప్పుడు గ్యాస్ బండ గురించి, చెల్లెలి అత్తగారి కాలి నొప్పి గురించి వస్తాయి. వాటిలో ఏది నిజం, ఏది కల్పితం అన్నది రవికి కూడా ఒకచోట గందరగోళమవుతుంది.

ఇక ముగింపు. నా పాత ముగింపులో విలన్ నడి సముద్రంలో రవికి అంతా చెప్పేసుకుంటాడు, బోటు ఒడ్డుకి చేరగానే సంకెళ్లు. ఆయన మార్జిన్‌లో ‘కోర్టు?’ అని మాత్రం రాశారు. పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా పనికిరాదు. 1872 సాక్ష్యాధారాల చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. కాబట్టి రవి విన్నదానితో కేసు నిలబడదు. ఎక్కడ వెతకాలో అతను చెప్పాలి, వేరేవాళ్లు వెళ్లి మధ్యవర్తుల సమక్షంలో పట్టుకోవాలి. మధ్యవర్తులుగా సాధారణంగా వీఆర్వోలు వస్తారు, అర్ధరాత్రి వాళ్లని నిద్రలేపి తీసుకురావడమే ఒక కథ అన్నారు. అది కూడా రాశాను.

ఆయనతో విభేదించిన చోట్లున్నాయి, అవి కూడా చెప్పాలి. రవి భార్య పద్మ అధ్యాయం మొత్తం మీద అడ్డంగా గీత పెట్టి ‘అనవసరం’ అని రాశారు. భార్యకి ఏమీ తెలియకూడదు కాబట్టి ఆమెకి కథలో పని లేదని ఆయన వాదన. నాకు కోపం వచ్చింది. తెలియనివాళ్ల జీవితం మీదే కదా ఈ భారమంతా పడేది! మేం గట్టిగానే మాట్లాడుకుంటున్నాం. అప్పుడు టీ తెచ్చిన పిన్నిగారు గుమ్మం దగ్గర ఆగి, ‘ఆ రోజుల్లో ఈయన ఇంటికొచ్చినా రెండు రోజులు వేరే మనిషిలా తినేవారమ్మా. కంచం ఒళ్లోకి లాక్కుని, తల వంచుకుని, గబగబా. మూడో రోజుకి మామూలయ్యేవారు. ఆ రెండు రోజులూ నేనేమీ అడిగేదాన్ని కాదు’ అన్నారు. ఆయన పెన్సిల్ కింద పెట్టేశారు. తర్వాత రబ్బరు తీసుకుని ఆ గీత తనే చెరిపేశారు.

ప్రేమకథ విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది. చేపలమ్మే ఆవిడ కూతురితో రవికి ప్రేమ పెట్టాను. ‘ఆ పిల్ల ఏం పాపం చేసింది?’ అన్నారు. బ్రిటన్‌లో ఇలా పోలీసుల చేతిలో మోసపోయిన ఏడుగురు స్త్రీలకి లండన్ పోలీసులు 2015లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నేను ఆ సంగతి చదివి కూడా నా కథలో దాన్ని అందంగా రాయబోయాను. ఆ అధ్యాయాలు తీసేశాను.

లోపాలు: భాష గురించి ఆయన ఒక్క మాట చెప్పరు. వాక్యం బాగుందా లేదా ఆయనకి పట్టదు, దానికి వేరే ఎడిటర్ కావాలి. ప్రతిదీ జరిగేటట్టే ఉండాలంటారు, కథకి కావలసిన చిన్న అతిశయోక్తి కూడా ఒప్పుకోరు, అక్కడ మన మాట మీద మనం నిలబడాలి. ఆలస్యానికి సిద్ధపడాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్తే ఆయనే కిందికి వస్తారు. ఏ కథ ఇచ్చినా చదువుతారనుకోవద్దు, మారువేషం ఉన్న కథలే తీసుకుంటారు. వెళ్తే పిన్నిగారితోనూ మాట్లాడండి, ఆవిడ ఒప్పుకుంటేనే.

చివరి పేజీ కింద ఆయన రాసిన ప్రశ్నకి ఇంకా జవాబు రాస్తున్నాను. ‘అరెస్టులయ్యాక సరంగు మర్నాడు హార్బర్‌కి ఎలా వెళ్లాడు?’ ఇప్పుడు నా కథలో రవికి పూచీ పడింది అతనే మరి. ఇప్పటికి తొమ్మిది పేజీలయ్యాయి. సరంగు బయల్దేరాడు, ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, టీ కొట్టు వాడు గ్లాసు ఇవ్వాలా వద్దా అని చూస్తున్నాడు. అది పూర్తవగానే ఇంకో 135 రూపాయలు పట్టుకుని కంచరపాలెం వెళ్తాను.